గ్రాఫిక్స్ కార్డుకి నేను పెట్టిన పేరు

పోయిన వారం నా షాపులో జరిగింది చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

అమలాపురంలో నాది పెళ్ళి వీడియోల మిక్సింగ్ షాపు కదా. మామిడికుదురు వెంకట్రావుగారు వాళ్ళమ్మాయి పెళ్ళి వీడియో నాకిచ్చేరు. పెళ్ళికూతురి అన్నయ్య దుబాయ్‌లో ఉంటాడు, లీవు దొరక్క రాలేకపోయేడు. వాళ్ళూరి అతనొకడు ఆ మధ్యాహ్నం బస్సుకి బయల్దేరి దుబాయ్ వెళ్తున్నాడు. సీడీ అతని చేతికి అందాలి.

పని దాదాపు అయిపోయింది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే అది నేనెందుకవుతాను! టైటిల్స్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చేను. పేర్ల చుట్టూ గులాబీలు రాల్తాయి, లవ్ గుర్తులు ఎగుర్తాయి. ఓపెన్ చేస్తే, నీ గ్రాఫిక్స్ కార్డు దీనికి పనికిరాదు పొమ్మంది. తెర మీదికి బొమ్మ పంపేది ఆ కార్డే, నాది పాతది లెండి.

ఓ కంప్యూటర్ పత్రికలో చిట్కా ఉంది. కార్డు ఏ మోడలో విండోస్‌కి చెప్పేది డ్రైవర్ ఫైలేనట. అందులో పేరూ నంబరూ మార్చేస్తే పాత కార్డుని పట్టుకుని కొత్త కార్డనుకుంటుందిట. ఓస్, ఇంతేనా! నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచేను, పెద్ద మోడల్ పేరు కొట్టేను, డ్రైవర్ మళ్ళీ ఎక్కించేను. "ఇది ప్రమాదం కావచ్చు, ముందుకెళ్తారా?" అనడిగింది విండోస్. వెళ్తానన్నాను. రీస్టార్ట్!

విండోస్ బొమ్మ వచ్చింది. పోయింది. తర్వాత నల్లటి తెర. ఆపి మళ్ళీ ఆన్ చేసేను. మళ్ళీ నలుపే. పెళ్ళంతా ఆ నలుపు వెనకాలే ఉంది.

సరిగ్గా అప్పుడే వెంకట్రావుగారు దిగేరు.

"అయిపోయిందాండీ?"

"ఆయ్, అయిపోయినట్టేనండి."

"మరి టీవీ నల్లగా ఉందేటండీ?"

నోటికొచ్చింది అనేసేను. "వోల్టేజీ అండి. లో వోల్టేజీ."

"అలాగాండీ!" అని గబగబా బయటికెళ్ళిపోయేరు. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి స్కూటర్ మీద లైన్‌మేన్‌ని ఎక్కించుకుని వచ్చేరు!

లైన్‌మేన్ మీటరు పెట్టి చూసి, "బానే ఉంది కదండీ" అన్నాడు.

"వస్తా పోతా ఉందండి" అన్నాను. ఒకసారి అనేశాక వెనక్కెలా వెళ్తాం?

ఆయన కరెంటు తీసేసి స్తంభం ఎక్కేడు. వెంకట్రావుగారు కింద నిచ్చెన పట్టుకున్నారు. ఆ సందులో నేను పత్రిక తీసి పేజీ తిప్పేను. అంతకుముందు తిప్పలేదు. 'తెర రాకపోతే కంగారు పడకండి. ఆన్ చేస్తూ ఎఫ్8 నొక్కి, సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్ పెట్టుకోండి' అని ఉంది.

స్తంభం మీంచి కేక: "ఇప్పుడెయ్యండి!"

ఆన్ చేసి ఎఫ్8 నొక్కేను. తెర వచ్చింది! అక్షరాలు మాత్రం గుమ్మడికాయలంత.

"వచ్చేసిందండోయ్!" అని గుమ్మంలోంచి అరిచేరు వెంకట్రావుగారు. లైన్‌మేన్ దిగి చేతులు దులుపుకున్నాడు. "వైరు కాస్త లూజండి. ఇంకోడైతే కనిపెట్టలేడు."

పాత డ్రైవర్ పెట్టుకున్నాను. గులాబీలూ వద్దు, ఏమీ వద్దు, మామూలు అక్షరాలే వేసేను. సీడీ కాపీ కొట్టబోతుంటే వెంకట్రావుగారు వంగి అన్నారు: "ఆఖర్న కృతజ్ఞతలని వేస్తారు కదండీ, అందులో ఈయన పేరు కూడా వెయ్యండి. ఈయన లేకపోతే ఈ సీడీ ఏదండీ!"

"ఆయ్" అన్నాను. సాంకేతిక సహకారం అని కొట్టి, లైన్‌మేన్ పేరు పెద్దక్షరాల్లో నా చేతుల్తో నేనే వేసేను. సీడీ బస్సుకి అందింది.

నిన్న దుబాయ్ నించి ఆ అన్నయ్య ఫోన్ చేసేడు. సీడీ చాలా బావుందిట. ఇక్కడ మనవైపే తన ఫ్రెండు పెళ్ళి కూడా ఉందిట.

"వీడియో పని ఆయనకే ఇద్దామనుకుంటున్నామండీ" అన్నాడు. "ఆ సాంకేతిక సహకారం ఆయన నంబరు కాస్త ఇస్తారా?"

ఇచ్చేను.