బయాలజీ చదివి జీతం చేస్తానన్న రోజు

చదువు అప్పు అడగడానికి బ్యాంకుకు పోయి, అరగంటలో మా వంశాన్నంతా తహసీల్దారుకు అప్పగించేంత పని చేసిన మొనగాడు మా తాలూకాలో నేనొక్కడినే. ఈ విషయంలో నాకు పోటీ లేదు, ఉండబోదు. మీరు నవ్వుకోండి. నేను మాత్రం ముఖం కదలకుండా చెబుతాను.

మాది కర్ణాటకలో గుడిబండె దగ్గర ఒక తెలుగు పల్లె. తాత పటేలు. ఆయన కాలంలో కనుచూపు మేర మా భూమే ఉండేదట. నా కాలానికి భూమి పోయి చూపు మిగిలింది. అయినా మెడ వంచే అలవాటు మా ఇంట లేదు. బస్సులో సీటు దొరక్కపోతే, కూర్చోవడం నాకే ఇష్టం లేదన్నట్టు నిలబడేవాణ్ణి.

పీయూసీ అయ్యాక బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ బయాలజీ సీటు వచ్చింది. వారంలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. కట్టాలంటే అప్పు తేవాలి.

"చదివినాక సంబళం ఎంతొస్తాది, అప్పు ఎంతయితాది, రెండూ పక్కపక్కన పెట్టి చూసినావా నాయనా?" అంది అమ్మ.

"పటేలు మనవడు చదివేది సంబళం కోసం కాదమ్మా."

"అట్లయితే అప్పు కట్టేదెవరు, పటేలా?"

ఆ ప్రశ్న విననట్టు చొక్కా ఇస్త్రీ చేసుకొని, అమ్మను వెంటబెట్టుకొని బ్యాంకుకు బయలుదేరాను.

చింతామణి టౌనులోని బ్యాంకులో అప్పులు చూసే మేడం మైసూరు వైపు ఆవిడ. తెలుగు ఒక్క ముక్క రాదు. చదివాక ఎట్లా సంపాదించి అప్పు తీరుస్తానో కన్నడంలో ఒక అర్జీ రాసివ్వమన్నారు. నువ్వు నోరు తెరవొద్దని చెప్పి అమ్మను బయట కూర్చోబెట్టి, నేను పెన్ను తీశాను.

నాకు కన్నడం మాట్లాడడం వచ్చు, రాయడం వచ్చు, రాసేముందు ఆగడం ఒక్కటే రాదు. ఉద్యోగం చేస్తే వచ్చే డబ్బును మా వైపు తెలుగువాళ్లయినా కన్నడంవాళ్లయినా సంబళం అనే అంటారు. బస్టాండులో పల్లీలు అమ్మేవాడు కూడా అంటాడు. అంత అరిగిపోయిన మాట నా అర్జీలోనా? తెలుగు పేపర్లో చూడండి, మంత్రుల జీతాలు అని వేస్తారు. మంత్రులకు తగిన మాట నాకు తగదా? పైగా జీవశాస్త్రం, జీవితం, జీతం, మూడూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఇంత గంభీరమైన మాట కన్నడంలో లేకుండా పోతుందా అనుకొని, "పదవి ముగిసిద మేలె జీత మాడి సాల తీరిసుత్తేనె" అని రాసి, కింద కాగితం పట్టనంత సంతకం చేశాను. డిగ్రీ అయ్యాక జీతం సంపాదించి అప్పు తీరుస్తానని నా భావం.

ఆ మాట కన్నడంలో నిజంగానే ఉంది. గంభీరంగానే ఉంది. దాని అర్థం వెట్టిచాకిరి. అప్పు తీరేదాకా ఆసామి గడప దాటకుండా చేసే చాకిరి. చట్టం ఎప్పుడో నిషేధించిన చాకిరి.

మేడం చదివారు. కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చదివారు. లేచి తలుపు మూశారు. నాకు మంచినీళ్లు ఇచ్చారు. మా వంశం సంగతి ఈవిడకు ఇప్పుడు తెలిసినట్టుందని అనుకున్నాను.

"భయపడకు. ఇట్లా రాయమని ఎవరన్నారు?" కన్నడంలో మెల్లగా అడిగారు.

"ఎవరూ అనలేదు మేడం. నా ఇష్టంతో రాశాను."

"ఇష్టంతో జీత చేస్తావా?"

"అప్పు తీరాలి కదా మేడం."

"మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరైనా చేశారా?"

"మా అమ్మ చేసింది. అంగనవాడిలో, సర్కారు జీత."

"సర్కారా?" ఆవిడ పెన్ను కింద పెట్టేశారు.

"ఇప్పుడు అందరూ ఆశపడేది దానికే మేడం. పరీక్షలు రాసి మరీ చేరుతున్నారు." అంతటితో ఆగి ఉంటే బతికిపోయేవాణ్ణి. "మా తాత అయితే పన్నెండు మందిని జీతకు పెట్టుకున్నాడు" అని మెడ ఇంకాస్త పైకెత్తాను.

మేడం ఫోను తీసి తహసీల్దారు ఆఫీసుకు కలిపారు. నాకు సిఫారసు చేస్తున్నారనుకొని కాలు మీద కాలు వేసుకున్నాను.

అంతలో ఫైళ్లు పట్టుకొని గుమాస్తా మునిరాజప్ప వచ్చాడు. బాగేపల్లి మనిషి, రెండు భాషలూ నీళ్లలా వచ్చు. మేడం అర్జీ చూపించారు. ఆయన చదివి, ఫోను పెట్టేయమని సైగ చేసి, ఆవిడకు రెండు మాటలు చెప్పాడు. మేడం ముఖం చీర కొంగులో దాచుకున్నారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఏమప్పా, సంబళం అని రాస్తే నీ సొమ్మేమన్నా పోతుండెనా?" అని మునిరాజప్ప ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పాడు. బుద్ధెరిగాక మొదటిసారి నా మెడ వంగింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకొని అమ్మ వచ్చింది. సంగతి విని, "నన్ను నోరు తెరవొద్దని చెప్పి నువ్వు తెరిచినావా" అని కూర్చుంది.

"కొత్త అర్జీ రాద్దువులే, ముందు ఇది చూడు" అన్నాడు మునిరాజప్ప. "మా పాప కూడా బయాలజీనే చదివింది. ఈ ఊర్లోనే ల్యాబులో ఉండాది. పట్టుపురుగుల గుడ్లకు రోగముందా లేదా అని చూస్తాది. మొదటి సంబళం పదహారు వేలు."

నా అర్జీ వెనక్కి తిప్పి లెక్క వేశాడు. ఒక పక్క బెంగళూరు కాలేజీ మూడేళ్ల ఫీజు, హాస్టలు, వడ్డీ, నెలనెలా కట్టాల్సిన కంతు. ఇంకో పక్క పదహారు వేలు, అందులోంచి గది బాడుగ, తిండి, బస్సు. గీత గీసి తీసివేశాడు. కింద మిగిలింది సున్నా, ఒక్క నెలకు కాదు, ఏళ్ల తరబడి. నలుగురం ఆ సున్నా వైపు చూశాం. మునిరాజప్ప కాగితం తిప్పి నా వాక్యం ఇంకోసారి చదివాడు.

"మేడం, ఈయప్ప తప్పేం రాయలేదు" అన్నాడు. "ఈ అప్పు తీసుకుంటే చేసేది జీతమే. మన కన్నడ జీతమే."

బెంగళూరు సీటు వదిలేశాను. చిక్కబళ్లాపురంలో సర్కారు కాలేజీలో అదే బయాలజీ, రోజూ బస్సు, చిన్న అప్పు. కొత్త అర్జీలో సంబళం అనే మాట మూడుసార్లు రాశాను. మేడం ఒకటి చాలన్నారు.

కాబట్టి పటేలు మనవడినైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా చేస్తున్న ప్రమాణం ఇది. వచ్చేదెంత, కట్టేదెంత అని తీసివేత పూర్తయ్యేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టను. అయితే ఈ ప్రమాణాన్ని కన్నడంలో రాసివ్వమని నన్ను ఎవరూ అడగకూడదు.