కార్డు చదివించే ఖర్చు

ఆ రోజుల్లో లోకంలో ఖర్చు లేని పనంటూ ఏదీ ఉండదని నా గట్టి నమ్మకం. బషీర్‌బాగ్‌లో ఒక కాలేజీలో కామర్స్ పరిశోధన చేస్తున్నాను. మా అమ్మ టీ పెట్టడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో, అందులో చక్కెర డబ్బా వెతకడానికి ఎన్ని పోతాయో గడియారం చూసి నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. (ఒకసారి ఆ లెక్క అమ్మకు చూపించాను. ఆ తరవాత వారం రోజులు నా టీ నేనే పెట్టుకున్నాను.) ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలీ చిరాకూ రెండూ కలుగుతాయి గానీ, అప్పుడు మాత్రం చేతిలో నోట్‌బుక్ ఉంటే చాలు, అబిడ్స్ బజారంతా నా సలహా కోసమే ఎదురుచూస్తోందన్నట్టు నడిచేవాణ్ణి.

నా విషయం చిన్న వ్యాపారాల్లో ఖర్చు తగ్గించడం. అందుకు రెండు పద్ధతులు ఎంచుకున్నాను. మొదటిది టార్గెట్ కాస్టింగ్. అంటే వస్తువు చేశాక ధర కట్టడం కాదు. కొనేవాళ్లు ఎంత ఇవ్వగలరో ముందే తెలుసుకుని, అందులోంచి లాభం పక్కనపెట్టి, మిగిలిన దాంట్లోనే వస్తువు తయారుచేయడం. రెండోది, దుకాణంలో జరిగే పనులన్నీ విడదీసి, ఏ పని ఎంత తింటోందో చూసి, పనికిరానిదాన్ని పీకేయడం. మూడు అధ్యాయాలు లైబ్రరీలో కూర్చునే రాసేశాను. మా గైడ్ మేడం అవి చదివి, ఇదంతా ఎవరో చెప్పిందే కదా, నాలుగో అధ్యాయంలో ఒక్క దుకాణాన్నయినా చూపించు, అది లేకుండా సమీక్షకు రాకు అన్నారు. సమీక్ష దాటకపోతే నా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. దాంతో నా ప్రాణాలన్నీ ఆ నాలుగో అధ్యాయం మీదే పెట్టుకున్నాను.

నాంపల్లి స్టేషన్ ఎదుట మొదలుపెట్టి కనిపించిన దుకాణమల్లా ఎక్కి దిగాను. సంచులు కుట్టేవాళ్లు, ఫోటోలకు ఫ్రేములు కట్టేవాళ్లు, అందరూ మర్యాదగానే కూర్చోబెట్టారు. మీకు ఖర్చెంత అవుతుంది అని అడగ్గానే పన్నుల ఆఫీసు మనిషిననుకుని ముఖాలు మారిపోయేవి. ఒకాయన నాకు కూల్‌డ్రింక్ కూడా ఇప్పించి, సేఠ్ ఊరికి పోయిండు, నెల దాకా రాడు అని చెప్పాడు. (ఆయన వెనక గోడ మీద, రిబ్బను కత్తిరిస్తున్న సేఠ్ ఫోటోలో ఉన్నది ఆయనే.) ఇలా తిరిగి తిరిగి చివరికి గన్‌ఫౌండ్రీ పక్క గల్లీలో ఒక పెళ్లికార్డుల దుకాణం మెట్లెక్కాను. దాని యజమాని అరవై దాటిన మనిషి. ఆ గల్లీలో అందరికీ ఆయన కార్డుల కాక. నా గోడు మొత్తం విని ఆయన అన్న మాట ఇదీ: "చూస్కో బిడ్డా, నాకేం నష్టం. గని ఊకె కూసుంటే మంచిగుండదు. జర కార్డులు మడుపుకుంట రాస్కో."

అలా ఒక చేత్తో కార్డులు మడుస్తూ, ఇంకో చేత్తో పరిశోధన సాగించాను. మొదటి రోజే కాకకు టార్గెట్ కాస్టింగ్ గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా విన్నాడు. అంతలో అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నేరుగా వచ్చిన రైతు ఒకాయన కార్డులు చూపించమన్నాడు. కాక బీరువా తెరవలేదు. ఎంతలో కావాలో ముందుగాల చెప్పు, కాయితం అటెంక చూద్దాం అన్నాడు. రైతు ఒక ధర చెప్పాడు. కాక తన లాభం మనసులోనే తీసేసుకుని, మిగిలిన దానికి సరిపోయే కట్ట ఒకటి తీసి ఆయన ముందు పెట్టాడు. కంప్యూటర్ ముందు కూర్చునే టైపింగ్ అక్క వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను తల దించుకుని మడతల మీద శ్రద్ధ పెట్టాను.

అయినా నా రెండో పద్ధతి ఉంది కదా. వారం తిరక్కుండానే దొంగ దొరికాడు. కాక దుకాణంలో ఒక ఆచారం ఉంది. ప్రూఫు తీశాక ఇంటి పెద్ద ఒకరు, ఆ ఇంటి ఆడవాళ్లలో ఒకరు వచ్చి కూర్చుని, కార్డంతా పైకి చదివితేగాని అచ్చుకు ఇవ్వడు. చదువుతుంటే మధ్యలో చిన్నత్త భర్త గుర్తొస్తాడు, పెద్ద బావ పేరు పైకెక్కుతుంది, అలిగినవాళ్లకు ఫోను కలుపుతారు, టీలు వస్తాయి. కార్డుకు యాభై నిమిషాలు. ఆ సేపంతా టైపింగ్ అక్క చేతులు ఖాళీ, అచ్చు మిషను ఖాళీ. నేను నోట్‌బుక్‌లో దాని కింద ఎర్ర గీత గీసి 'పనికిరాని పని' అని రాశాను. ప్రూఫు ఒకరికి ఫోన్‌లో పంపుదాం, సరే అనగానే అచ్చేద్దాం అన్నాను. కాక చేతిలోని కార్డు మడిచి కట్టలో పెట్టాడు. తరవాత అడిగాడు.

"గిది చెయ్యకుంటే నీ పుస్తకం ఆగుతదా?"

"ఆగుతది కాకా."

"అయితే చెయ్యి. ఒక్క వారం."

ఆ వారం నా జీవితంలో బంగారు వారం. దుకాణం నిశ్శబ్దంగా, మిషను మాత్రం చప్పుడుగా నడిచింది. లెక్కలు నేను అనుకున్నట్టే వచ్చాయి. నాలుగో అధ్యాయం సగం రాసేసి, చివరి వాక్యం కూడా ముందే సిద్ధం చేసుకున్నాను. శనివారం నాడు నాంపల్లి నుంచి ఒక గుమాస్తాగారు, కూతురి పెళ్లికార్డులు తీసుకెళ్లడానికి వాళ్లక్కను వెంటబెట్టుకుని వచ్చారు. తల్లి లేని ఆ పిల్లను పెంచింది ఈ మేనత్తే. ఆవిడ ఒక కార్డు తీసి, అద్దాలు పెట్టుకుని, నెమ్మదిగా వేలు పెట్టి చదువుకుంటూ చివరిదాకా పోయి, మళ్లీ పైకొచ్చి మళ్లీ చదివింది. ఆహ్వానించేవాళ్ల పేర్లలో ఆవిడ పేరు లేదు. తమ్ముడు ఫోన్‌లో ముహూర్తం, ఫంక్షన్ హాలు చూసి సరే అనేశాడు. అక్క ఇంట్లోనే ఉంటుంది కాబట్టి రాయాలని ఆయనకు తట్టనే లేదు.

ఆవిడ కోప్పడి ఉంటే నాకు బాగుండేది. కార్డు మడిచి కవర్లో పెట్టేసి, "నా పేరు లేకుంటే పెండ్లి ఆగుతదా తీ, పోదాం పా" అంది. తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. కాక లేచి నిలబడ్డాడు. తప్పు నాది అక్కా, చదివియ్యలేదు అని, ఆ కార్డులన్నీ కట్టగట్టి లోపల పడేసి, ఆవిణ్ణి కూర్చోబెట్టి టీ తెప్పించి, కొత్త ప్రూఫు తీయించి ఆవిడ చేతనే పైకి చదివించాడు. తన పేరు దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. నా మీద ఒక్క మాట పడనివ్వలేదు ఆయన. సాయంత్రం దాకా ఆ కొత్త కార్డులన్నీ నేను మడిచాను, సిగ్గుతో. కాక నా పక్కన కూర్చుని తనూ మడుస్తూ, "రోజు కండ్ల ముంగట ఉండేటోళ్లే యాదికి రారు బిడ్డా. గందుకే చదివిస్త" అన్నాడు.

మర్నాడు నోట్‌బుక్ ముందుపెట్టుకుని నా స్కాలర్‌షిప్‌కు మనసులోనే వీడ్కోలు చెప్పాను. సోమవారం వెళ్లి మేడంతో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అంతా విని, అయితే అది పనికిరాని పనా అని అడిగారు. కాదు మేడం అన్నాను. అదే రాయి, సమీక్షకు రా అన్నారు. సిద్ధం చేసుకున్న చివరి వాక్యం కొట్టేసి మొత్తం మళ్లీ రాశాను. సమీక్ష దాటింది. ఆ తరవాత రెండేళ్లకు పుస్తకం కూడా పూర్తయింది.

బైండింగుకు ముందు ఆ కాగితాల కట్ట కాకకు చూపించడానికి తీసుకెళ్లాను. ఇంగ్లీషు నాకు రాదు గని ఎవరెవరికి దండం పెట్టినవో ఆ పేజీ తెలుగులో చెప్పుకుంట చదువు అన్నాడు. ఉత్సాహంగా మొదలుపెట్టాను. మేడం, ప్రిన్సిపాల్, లైబ్రరీ వాళ్లు, అమ్మానాన్న, కాగితాలు జిరాక్స్ తీసిచ్చిన మిత్రుడు. చదువుతూ చదువుతూ పేజీ అడుగుకొచ్చాక చూసుకున్నాను. కాక పేరు లేదు. టైపింగ్ అక్క పేరూ లేదు. ఆగితే దొరికిపోతానని, ఉన్నట్టే చదివేశాను. ఇద్దరి పూర్తి పేర్లూ చెప్పి, వీరికి ఎంతో రుణపడి ఉన్నాను అన్నాను. కాక నా చేతిలోంచి కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా పేరాలు లెక్కపెట్టడం వచ్చు.

"గీడ ఐదే ఉన్నయి. నువ్వు ఆరు చదివినవ్."

టైపింగ్ అక్క అప్పటికే నవ్వుతూ ఆ పేజీని రెండు పేర్లూ చేర్చి మళ్లీ టైప్ చేస్తోంది. ఆ పూట దుకాణంలో తెల్లకాగితం అయిపోయి, పెళ్లికార్డుల లోపల పెట్టే పసుపురంగు మందపు కాగితమే ఉంది. దానిమీదే అచ్చువేసి, మడత పడకుండా జాగ్రత్తగా కట్టలో పెట్టి ఇచ్చింది.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఈ లెక్కలే చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు లైబ్రరీలో నా పుస్తకం తిరగేసి, అందులో ఒక్క పేజీయే ఎందుకు పసుపుగా ఉందని అడుగుతారు. అచ్చులో పొరపాటు అని చెబుతాను. వాళ్లు వెళ్లాక, ఆ కుర్రాడు లేని పేర్లను అంత ధైర్యంగా ఎలా చదివాడా అని నవ్వుకుంటాను. నాలుగో అధ్యాయం సంగతేమో గానీ, ఆ పుస్తకం మొత్తంలో నేను నోరారా పైకి చదివింది ఆ పేజీ ఒక్కటే.