మేడ మీది ఆఫీసు, కింది ఆఫీసు

సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటే అద్దాల భవనమే అని ఊరంతా అనుకునే ఆ రోజుల్లో మాది జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా మేడ మీద ఉండేది. (సర్వరు వంటగదిలో, టీ గిన్నె పక్కన.) కింది అంతస్తును ఓనరు ఆంటీ షూటింగులకు ఇచ్చేది. పైన మేం ప్రోగ్రాములు రాస్తుంటే కింద పెళ్ళిచూపులు జరిగేవి, విలన్లు అద్దాలు పగలగొట్టేవారు. ఇప్పుడు పాపను నిద్రపుచ్చి, మా ఆయన అమెరికా వీసా పొడిగింపు కాయితాలు నేను సర్దుతుంటే ఆ బంగళా గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది. ఆయన ఉద్యోగం నిజమేనని రుజువు చూపించమన్నారు. మళ్ళీ!

ఆ ఏడాది కూడా వీసా నిబంధనలు బిగించారు. ఎవరో దొంగ కంపెనీలు పెట్టి మనుషుల్ని పంపారట. అందుకని మాలాంటి చిన్న కంపెనీలను చెప్పాపెట్టకుండా చూసి రమ్మని ఏదో ఏజెన్సీకి అప్పజెప్పారు. అమెరికాలో ఒక ఆసుపత్రికి బిల్లింగ్ ప్రోగ్రాము రాసింది నేను. అక్కడికి వెళ్ళి దాన్ని అమర్చాల్సింది కూడా నేనే. వీసా వస్తే కంపెనీ నిలబడుతుంది, రాకపోతే ఆ ఒక్క పనీ పోతుంది.

ఆ రోజు కింద సాఫ్ట్‌వేర్ ఆఫీసు సెట్టు వేశారు. మా ఆఫీసు దాని ముందు ఎందుకూ పనికిరాదు. వరసగా కంప్యూటర్లు, గోడకు ప్రపంచ పటం, దేశానికో గడియారం. (వైర్లు మాత్రం లేవు.) వాళ్ళు లైట్లు వెయ్యగానే మాకు కరెంటు పోయింది. గంటసేపు రాసిందంతా గాలికి పోయేసరికి, కడిగేద్దామని కిందికి దిగాను. నోరు తెరిచేలోపే టోపీ పెట్టుకున్న అసిస్టెంట్ డైరెక్టరు నా మీదే అరిచాడు.

"ఏమ్మా, ఇప్పుడా రావడం? ఖాళీ కుర్చీ పెట్టుకుని ఎంతసేపు చూడమంటావ్?"

"నేను పైన..."

"పైనా కిందా తర్వాత! కూర్చో తల్లీ, నీకు దణ్ణం పెడతా!"

కూర్చున్నాను. (యూనిట్టంతా గుడ్లురిమి చూస్తుంటే మీరైనా కూర్చుంటారు.) వేళ్ళు అలవాటుగా కీబోర్డు మీదికి వెళ్ళాయి.

"అబ్బ, అంత శ్రద్ధగా కొట్టకమ్మా! పని చేస్తున్నట్టు నటిస్తే చాలు!"

సరిగ్గా అప్పుడే, ఫైలు చంకన పెట్టుకుని ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. ఏజెన్సీ మనిషి. ఫైల్లో నా ఫొటో, ఎదురుగా నా మొహం మార్చి మార్చి చూసి, "ఇక్కడేం చేస్తారమ్మా?" అన్నాడు.

"బిల్లింగ్ ప్రోగ్రాము రాస్తానండీ."

ఆయన వంగి బల్ల కింద వైర్ల కోసం చూశాడు. టోపీ ఆయన పొంగిపోయాడు. "భలే చెప్పావమ్మా! సార్, మీరు బాస్ వేషానికా? అతికినట్టు సరిపోయారు!"

గేటు దగ్గరుండే మా బంగళా వాచ్‌మన్ తాత ఇంకో అడుగు ముందుకేశాడు. "మేకప్ గాడ సార్, షామియానా కింద. జర జల్ది పోండ్రి, డైరెక్టర్ గరమైతుండు."

"ఇది షూటింగండీ! మా ఆఫీసు మేడ మీద, మెట్లెక్కితే చాలు!" అని గేటు దాకా వెంటపడ్డాను. "చూడాల్సింది చూశానమ్మా" అని కారెక్కాడు. మా ఎండీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ (ఫ్యాన్లు లేవు మరి) దిగేసరికి కారు మలుపు తిరిగిపోయింది.

వీసా రాలేదు. కంపెనీ ఉనికి సందేహాస్పదమట! మెట్లెక్కని మనిషి తేల్చిన సంగతి అది. పని తెలిసినవాళ్ళు తమ దగ్గర లేరని, ఆ అమ్మాయినే పంపండని ఆసుపత్రివాళ్ళు మొత్తుకున్నా ఎవరూ వినలేదు. కొన్నాళ్ళు చేత్తో బిల్లులు రాసుకుని విసిగిపోయి ఒప్పందం రద్దు చేశారు. మేమంతా రోడ్డున పడ్డాం. అసలు దొంగలు మాత్రం అద్దాల ఆఫీసు కిరాయికి తీసుకుని, వైర్లు కూడా తగిలించుకుని గట్టెక్కారు. ఈ బిగింపు ఎవర్ని కాపాడిందో, అక్కడా ఇక్కడా ఎవరికి కూడు పెట్టిందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఆ సాయంత్రం మాత్రం నాకు ఇవేవీ తెలియవు. కరెంటు వచ్చాక, పళ్ళు నూరుతూనే, పోయిన పనంతా మళ్ళీ రాసి, సరిచూసి ఆసుపత్రికి పంపాను. ఏ తనిఖీ లేకుండా క్షణంలో చేరిపోయింది. పంపిన ముక్క చక్కగా పనిచేస్తోందని జవాబొచ్చింది. ఇంత చక్కగా పనిచేసేదాన్ని రానివ్వకుండా ఉంటారా అనుకుని, నేననే ఆ పిల్ల ఎగ్ పఫ్ తింటూ, ఫిల్మ్ నగర్ మీదుగా షేక్‌పేటలో తన హాస్టల్ దాకా నడుచుకుంటూ పోయింది. వెర్రి మొహం! ఇంత కోపంలోనూ, దాన్ని మాత్రం ఏమీ అనబుద్ధి కావడం లేదు.