నా గొంతు ఎరిగిన ఓరిక్స్

ఆకాశపక్షులకూ అడవి మృగాలకూ ఆహారమిచ్చి పోషించే తండ్రికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ ఎడారిలో ఇన్నేళ్లు నిలిచేవాణ్ణి కాదు.

మొన్న శుక్రవారం ఒమాన్‌లోని దుక్మ్‌లో మా ప్రార్థన కూడికలో, కాపరి స్వరం గొర్రెలకు తెలుసునని పాస్టరు గారు చెబుతుంటే అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం ఆ ఆమెన్ అనలేకపోయాను. కుర్రతనంలోనే గల్ఫ్ చేరిన నా వయసువాళ్లు అర్థం చేసుకుంటారనే ఇది రాస్తున్నాను.

వచ్చిన కొత్తలో నా డ్యూటీ ఓరిక్సులను పెంచే కేంద్రంలో. నిలువు కొమ్ముల తెల్లని జింకలవి. వేటగాళ్ల వల్ల ఎడారిలో ఒక్కటీ మిగలకపోతే, కంచె లోపల పెంచి మళ్లీ బయట వదిలేవారు. తల్లిలేని ఒక పిల్లకు సీసాతో పాలు పట్టడం నా పని. మొహానికి గుడ్డ కట్టుకోవాలి, నోరు విప్పకూడదు, మనిషి అలవాటైతే అది బయట బతకదని మా అధికారి మొదటిరోజే చెప్పాడు. కానీ ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు. పాలు పడుతూ మా అమ్మ పాడే కీర్తనలు మెల్లగా పాడేవాణ్ణి; గొంతు వినబడితే చాలు, ఎక్కడున్నా చెవులు రిక్కించి పరుగెత్తుకొచ్చేది.

నా రూమ్‌లో ఉండే నిజామాబాద్ పెద్దన్న ఒకరోజు చూశాడు. "ఏంది తమ్మీ, దానికి గూడ బాప్తిస్మం ఇస్తున్నవా?" అని నవ్వి, అంతలోనే నవ్వు ఆపేశాడు. "బంజెయ్యి. రేపు ఎవడు పిలిచినా గిట్లనే ఉర్కొస్తది."

నేను ఆపలేదు.

మందతో పాటు దాన్ని వదిలిన కొన్నాళ్లకు దాని కళేబరం దొరికింది. అమ్ముకోవడానికి ప్రాణాలతో పట్టుకున్నవాళ్లు, దారిలో చనిపోతే పడేసి పోయారు; కాళ్లకు తాడు అలాగే ఉంది. పట్టిన చోట మిగతా మంద చెదిరి పరుగెత్తిన గుర్తులున్నాయనీ, దీని డెక్కల జాడ మాత్రం పట్టుకున్నవాళ్ల బండి దాకా తిన్నగా, నెమ్మదిగా సాగిందనీ కావలివాళ్లు చెప్పారు. దీన్ని ఎవరు మచ్చిక చేశారని అధికారి అడిగితే నేను తల దించుకున్నాను. పెద్దన్న నావైపు చూశాడు గానీ నా పేరు బయటపెట్టలేదు. ఆ జాడను నేను కళ్లారా చూడలేదు గానీ, మోకరించి కళ్లు మూసుకున్నప్పుడల్లా అదే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ దారంతా రోడ్లు, రిఫైనరీ దీపాలు. ఇప్పటి కుర్రాళ్లకు ఇంటివాళ్ల మాట ఫోన్‌లోనే ఉంది. పలకరింపు కోసం మూగజీవి అక్కర్లేదు. ఓరిక్సులు మాత్రం బయటకన్నా కంచె లోపలే ఎక్కువ. దేవుని ముందు ఎన్నోసార్లు ఒప్పుకున్నాను, మనుషుల ముందు ఇదే మొదటిసారి. నా కోసం కాదు; కంచె దాటే ప్రతి పిల్లకూ మనిషిని చూస్తే పారిపోయే భయాన్ని ఇమ్మని, నాతో కలిసి ఒక్కమాట ప్రార్థించండి.