రేపటికే ఖరాబయ్యే పొడి

కేకులో కలుపుదామని డ్రింకింగ్ చాక్లెట్ డబ్బా తెరవగానే, ఆ వాసనకు తెలకపల్లిలోని మా వంటిల్లు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు పట్నం నుంచి చిన్నమ్మ తెచ్చిన ఇలాంటి పొడినే అమ్మ రోజుకొక్క చెంచానే పాలల్లో కలిపేది. అమ్మకు చదువు రాదు. మొత్తం నాకే పెడుతుందన్న ఆశతో, డబ్బా మీది తారీఖు చూపించి, "అమ్మా, ఇది రేపటికే ఖరాబైతదంట" అన్నాను.

"గట్లనా? మరి పారబోస్తమా బిడ్డా!" అంటూ అమ్మ జొన్నరొట్టెలు నలిపి, పొడంతా వేసి మలీద ముద్దలు చేసింది. వాడకట్టు పిల్లలందరినీ పిలిచింది. నాకు దక్కింది ఒక్క ముద్దే. ఏడ్చాను. అప్పటిదాకా నన్ను కలుపుకోని వాళ్లంతా మర్నాటి నుంచి ఆటకు పిలవసాగారు. అది అమ్మ చలవే.

నా చేతిలోని డబ్బాకు ఇంకా ఏడాది గడువుంది. కేకు కాగానే పక్కింటి తలుపు తట్టి, పిల్లల్ని పంపమన్నాను.

"ఏంది అక్కా, విశేషం?" అని తలుపు తీసినామె అడిగింది.

"పొడి రేపటికే ఖరాబైతదంట" అన్నాను.