బురుజు అనుకున్న అక్షరం

చైనా భాష నేర్పే నేను పసుపు కొనడానికి ఆర్మూరు వెళ్లాను. ఒక కమిషన్ ఏజెంటు దుకాణం బోర్డు మీద పాత చైనా అక్షరం కనిపిస్తే ఆగాను. లోపల ఆయన, సరుకు పచ్చిగా ఉందంటూ వేల్పూర్ నుంచి వచ్చిన ఒక రైతమ్మను నలుగురిలో నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. బోర్డు చదువుతూ నిలబడ్డ నన్ను చూడగానే ఆయన గొంతు మెత్తబడింది.

"ఇంటర్నెట్ల దేవులాడి పెట్టిచ్చిన సార్. బురుజు అని అర్థమంట. మస్తుంది కదా?"

"నిజమే. 'ఛ్యావ్' అని గొంతు పైకి లేపితే బురుజు. అదే అక్షరాన్ని గొంతు దించి పలికితే తిట్టడం."

ఆయన ముఖం మాడిపోయింది. "రేపే తీపిచ్చేస్త."

"ఎందుకు సేటూ? ఉండనియ్యి," అంది రైతమ్మ. "లోపలికొచ్చేటోళ్లకు జర ముందే తెలుస్తది."

చుట్టూ ఉన్న రైతులు గొల్లున నవ్వారు. ఆయన ఆమె బస్తాలు కాంటా మీద పెట్టించాడు.