ఫెలోషిప్ ఆఫీసులో నా కోపాన్ని విరిచిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మూడు ఆదివారాలుగా పాస్టరు గారు సాక్ష్యం చెప్పమంటుంటే గొంతు బాగోలేదని తప్పించుకుంటూ వచ్చాను. గొంతు బాగానే ఉంది, సిగ్గే అడ్డం వచ్చింది. ఎందుకంటే నా సాక్ష్యంలో నయమైన క్యాన్సరు లేదు, మానేసిన తాగుడు లేదు. నాకు పట్టిన రోగం కోపం. అది పీహెచ్‌డీ చేస్తుండగా పట్టింది. నవ్వకండి, ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు!

నా పేరు కరుణ. పుట్టింది నల్గొండ దగ్గర పల్లెలో, ఉండేది మీర్‌పేట్‌లో. మా ఆయన ప్రభాకర్‌కు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టైర్ల షాపులో పని. నేను బీఈడీ, ఎంఈడీ చేసి ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాను. అక్కడ ఒకరోజు రెండో తరగతి పాప మల్లిక పాఠం గడగడా చదువుతుంటే నాకెందుకో అనుమానం వచ్చి, పుస్తకాన్ని తలకిందులు చేసి చేతిలో పెట్టాను. ఆ పిల్ల ఆగలేదు! అదే వేగంతో, అదే రాగంతో చివరిదాకా అప్పజెప్పేసింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష ఉన్న పిల్లలు ఇలా ఎంతమంది చదివినట్టే కనిపిస్తూ పై తరగతులకు పోతున్నారో, వాళ్ళకు నిజంగా చదవటం ఎలా నేర్పాలో కనుక్కోవాలని ఆ రోజే నా మనసులో పడింది. ఆ భారం ప్రభువే పెట్టాడని ఈ రోజుకీ నమ్ముతున్నాను. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది, పరిశోధన చేసేవాళ్ళకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్‌కూ ఎంపికయ్యాను. బడి ఉద్యోగం మానేసి, సైదాబాద్‌లో కిరాయి గది ఖాళీ చేసి మీర్‌పేట్‌కు మారి, గల్లీ అంతా స్వీట్లు పంచాను.

అక్కడి నుంచి మొదలైంది చూడండి నా తిప్పలు!

మొదటి ఏడాది ఫెలోషిప్ బాగానే వచ్చింది. రెండో ఏడాదికి కొనసాగించాలంటే బడులకు వెళ్ళి పని మొదలుపెట్టినట్టు నివేదిక కావాలన్నారు. సరేనని అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఇటుక బట్టీల వాళ్ళ పిల్లలు చదివే ఒక బడికి వెళ్ళాను. హెడ్మాస్టరు గారు మంచివారే, కానీ విద్యాశాఖ అనుమతి లేకుండా పిల్లలతో కూర్చోనివ్వలేనన్నారు. విద్యాశాఖ వాళ్ళు, పిల్లల మీద పరిశోధన కాబట్టి మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న కాగితం తెమ్మన్నారు. ఎథిక్స్ కమిటీ వాళ్ళు, రెండో ఏడాది ఫెలోషిప్ మంజూరైన ఉత్తరం జత చేయమన్నారు. ఫెలోషిప్ సెక్షన్‌కు పోతే, ముందు బడిలో పని మొదలుపెట్టిన నివేదిక ఇవ్వమన్నారు! పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అని మా అమ్మమ్మ అంటుండేది. ఆ సామెత నా కోసమే పుట్టిందని నాకు అప్పుడు తెలిసింది.

ఈ గోలంతా వివరిస్తూ, ఏదైనా దారి చూపించమని ఫెలోషిప్ ఆఫీసుకే ఆన్‌లైన్‌లో ఒక అర్జీ పెట్టుకున్నాను. పోర్టల్‌లో ‘పరిశీలనలో ఉంది’ అని వచ్చింది. వారం తర్వాత చూస్తే పరిశీలనలో ఉంది. నెల తర్వాత చూస్తే పరిశీలనలో ఉంది. ఏడు నెలలు సహోదరులారా, ఏడు నెలలు పరిశీలనలోనే ఉంది! ఎన్నిసార్లు ఆ ఆఫీసుకు పోయానో, కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటే వాళ్ళది ఒకటే మాట.

“ఆన్‌లైన్ల చూస్కోండ్రి మేడం.”

“ఆన్‌లైన్ల పరిశీలనలో ఉందనే వస్తుందన్నా!”

“అయితే పరిశీలనలనే ఉన్నట్టు గదా మేడం.”

ఆ మాటకు ఏం జవాబు చెప్తారు మీరు?

ఆ విసుగంతా ఇంటికి మోసుకొచ్చేదాన్ని. గిన్నెలు పడేసేదాన్ని, తలుపులు విసిరేదాన్ని. “గా తలుపు ఏం పాపం జేసిందే?” అని మా ఆయన అడిగితే ఆయన మీదా అరిచేదాన్ని. తలనొప్పి మొదలై, దవాఖానకు పోతే ఈ వయసులోనే బీపీ మాత్ర రాసిచ్చారు. గుడికి వస్తే, “ఇంకా చదువుతనే ఉన్నవా బిడ్డా?” అని మీలో కొందరు ప్రేమగానే అడిగేవారు, నాకు మాత్రం ఒళ్ళు మండేది. క్షమించండి, ఆ రోజుల్లో ఆరాధన మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది అందుకే. ప్రార్థన మానేశాను. చేసినా అది ప్రార్థన కాదు, దేవుడి మీద ఫిర్యాదు. “నువ్వే భారం పెట్టినవ్, నువ్వే కాగితాల్ల తిప్పుతున్నవ్, ఏంది దేవా నీ లెక్క?” అని గద్దించేదాన్ని ఆయన్ని!

ఇంతలో మా గైడ్ మేడం ఫోన్ చేసి, నెలాఖరులోగా నివేదిక పెట్టకపోతే రిజిస్ట్రేషనే రద్దయ్యే ప్రమాదం ఉందని చెప్పారు. ఆ రోజే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు వెళ్ళి, ఒకటో తారీఖు నుంచి పాఠాలు చెప్పడానికి వస్తానని మాట ఇచ్చేశాను. మర్నాడు ఆఖరిసారిగా ఫెలోషిప్ ఆఫీసుకు పోయాను, దారి వెతకడానికి కాదు, కడుపులో ఉన్నదంతా కక్కడానికి.

ఆ రోజు కిటికీ దగ్గర ఎవరూ లేరు. నేరుగా లోపలికి వెళ్ళాను. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఫైళ్ళ మధ్య కూర్చొని ఉన్నారు. నా పేరు, నంబరు చెప్పగానే ఆయన తలెత్తి, “అమ్మా, నువ్వేనా కరుణ? నీకే...” అని ఏదో చెప్పబోయారు. చెప్పనిస్తేగా! జీతాలు తీసుకొని నిద్రపోతున్నారా అన్నాను, మీ పిల్లలకైతే ఇలాగే చేస్తారా అన్నాను, ఇంకా ఈ మైకులో చెప్పలేని మాట కూడా ఒకటి అన్నాను. చేతిలో ఉన్న నా అర్జీ కాపీని నాలుగు ముక్కలు చేసి ఆయన బల్ల మీద పడేశాను. ఆ పెద్దాయన ఆ ముక్కలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టుకుంటున్నారు. నేను విసవిసా వచ్చేశాను, ఏదో యుద్ధం గెలిచినట్టు!

బస్సు ఎల్బీనగర్ చేరేలోపే గెలుపంతా దిగిపోయింది. ఇంటికి పోవాలనిపించక, వెనక్కి తిరిగి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే లలితమ్మ గారింటికి వెళ్ళాను. ఆమె మీ అందరికీ తెలుసు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు, కాలేజీ లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు, బుధవారం స్త్రీల కూడిక వాళ్ళ ఫ్లాట్‌లోనే జరుగుతుంది. జరిగిందంతా చెప్పాను. నన్ను ఓదారుస్తారనుకున్నాను.

“ఆయన పేరేంటి?” అన్నారు.

“తెలీదండీ.”

“పేరు కూడా తెలీని మనిషిని అన్నేసి మాటలన్నావా అమ్మాయ్! ఆయన ఏదో చెప్పబోయాడన్నావు. ఏంటది?”

“వినలేదండీ.”

“ఏడు నెలలు జవాబు కోసం తిరిగావు. జవాబు చెప్పే మనిషి దొరికిన రోజున నోరు తెరవనివ్వలేదు. నీ సంగతి దేవుడికి కూడా కష్టమే తల్లీ!”

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆమె నన్ను మోకరించమని, తను కూడా మోకాళ్ళ నొప్పులతోనే పక్కన మోకరించారు. ఆ రోజు నేను చేసిన ప్రార్థన నాకింకా అక్షరం అక్షరం గుర్తుంది. “దేవా, నాకు ఫెలోషిప్ ఇచ్చినా మంచిదే, ఇయ్యకున్నా మంచిదే. కాని గీ కోపాన్ని నా లోపల్నించి తీసెయ్యి. నాతోని ఐతలేదు. నా ఇంటాయన నన్ను జూస్తే భయపడుతున్నడు. ఆ పెద్దమనిషి ముంగట తల వంచే ధైర్యం ఇయ్యి తండ్రీ.” అంతే ప్రార్థన. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. లేచేసరికి, ఏడు నెలలుగా నా తలలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టున్న ఆ నొప్పి లేదు, సహోదరులారా! కాగితం ఒక్కటి కూడా కదలలేదు, నేను మాత్రం కదిలాను. దేవునికే మహిమ!

మర్నాడు మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళాను. ఆయన బల్ల ముందు నిలబడి, “సార్, నిన్న నేను తప్పు మాట్లాడిన, క్షమించండి. నా పని కోసం రాలేదు, గీ ఒక్క మాట చెప్పిపోదామని వచ్చిన” అన్నాను. అప్పుడే ఆయన పేరు అడిగి తెలుసుకున్నాను, వెంకటయ్య గారు.

“కూసో బిడ్డా” అన్నారాయన. “నిన్న ఇదే చెప్దామనుకున్న, నువ్వు ఇనలే. నీకు రెండు ఉత్తరాలు పంపిన. ఈమెయిల్ గూడ పంపిన. ఫోన్ జేస్తే నంబర్ కలుస్తలేదు. నువ్వే చదువు ఇడిసిపెట్టినవేమో అనుకున్న.”

ఫైల్ తెరిచి చూపించారు. రెండు ఉత్తరాల మీదా సైదాబాద్ అడ్రసే! ఈమెయిల్ నేను మానేసిన బడి వాళ్ళు ఇచ్చింది, నేను మానేసిన రోజే వాళ్ళు మూసేశారు. ఫోన్ నంబరు పోగొట్టుకున్న పాత సిమ్‌ది. ఇల్లు మారాను, ఉద్యోగం మానేశాను, నంబరు మారాను, ఊరందరినీ తిట్టాను గానీ ఆ పోర్టల్‌లో నా వివరాలు మార్చాలని ఏడు నెలల్లో ఒక్కసారి కూడా నాకు తోచలేదు! ఎంఈడీ చదివాను, పిల్లలకు ‘ప్రశ్నాపత్రం పూర్తిగా చదివి రాయండి’ అని ఆరేళ్ళు చెప్పాను. ఏం చెప్పమంటారు నా తెలివి!

ఆ ఉత్తరంలో ఏముందో వినండి. ఇలా చిక్కుపడ్డవాళ్ళ కోసమే నిబంధనల్లో ఒక దారి ఉందట. అనుమతి రాగానే బడిలో పని మొదలుపెడతానని గైడ్ సంతకంతో హామీపత్రం ఇస్తే, ఆ షరతు మీద రెండో ఏడాది మంజూరు చేస్తారు. బడులకు తిరగడానికి అయ్యే ఖర్చుకు కూడా వేరే గ్రాంటు ఉంది, దానికి దరఖాస్తు చేసుకో అని ఉత్తరం కిందనే రాసి ఉంది. నెల రోజుల్లో జవాబు ఇవ్వాలని గడువు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

“గడువు అయిపోయింది గదా సార్” అన్నాను. నిజం చెప్తున్నాను, ఆ మాట అనేటప్పుడు నాకు కోపం రాలేదు.

“అయిపోయింది. రూలు ప్రకారం ఫైల్ మూసెయ్యాలె. నేనే మూసెయ్యలే, అందుకే ఆన్‌లైన్ల ఇంకా పరిశీలన అనే చూపిస్తున్నది. ‘విద్యార్థిని మళ్ళొకసారి సంప్రదించాలి’ అని నోట్ రాసి పైన సారుతోని సంతకం పెట్టించిన. రెండుసార్లు పెట్టించిన.” ఆయన ఆ నోట్ మీద వేలు పెట్టి చూపించారు. “నా బిడ్డ గూడ ఎంఈడీ నడుమల ఇడిసిపెట్టింది అమ్మా. ఎవ్వలన్నా ఒక్కలు పిలిచి అడిగి ఉంటే ఇడిసిపెట్టకపోయేదేమో అనిపిస్తది నాకు.”

సహోదరులారా, నేను ఆయన మీద అరుస్తున్నప్పుడు, మీ పిల్లలకైతే ఇలాగే చేస్తారా అని అడిగినప్పుడు, నా చదువును బతికించిన ఆ ఫైల్ ఆయన బల్ల మీదే ఉంది! నేను అక్కడే ముఖం కప్పుకొని ఏడ్చాను. దేవుడు నా ప్రార్థన వినలేదని ఏడు నెలలు సాధించాను, ఆయన ఒక పెద్దమనిషిని నా కోసం కూర్చోబెట్టే ఉన్నాడు. తిరిగి వస్తూ సైదాబాద్‌లో దిగి పాత ఇంటికి పోతే, ఇంటి ఓనరమ్మ ఫ్రిజ్ మీద నుంచి రెండు కవర్లు తీసి ఇచ్చింది. “నీకు ఫోన్ కలవకపాయె బిడ్డా, నువ్వొస్తవని దాచిపెట్టిన” అంది. చింపని కవర్లు, దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

ఆ తర్వాత అన్నీ ఒక్కరోజులో అయిపోయాయని చెప్పను, అబద్ధమవుతుంది. గైడ్ మేడం హామీపత్రం మీద వెంటనే సంతకం పెట్టి, నెలాఖరు గడువుకు పొడిగింపు అడుగుతూ ఉత్తరం కూడా రాశారు. పొడిగింపు దొరికింది గానీ, పై సంతకాలకు ఐదు వారాలు పట్టింది. మధ్యలో సర్వరు ఆగిపోయింది, ఒకసారి నా ఫోటో సైజు ఎక్కువైందని వెనక్కొచ్చింది, తగ్గిస్తే తక్కువైందని వెనక్కొచ్చింది! ఎర్ర సముద్రాన్ని చీల్చిన దేవుడికి ఆ పోర్టల్ ఒక లెక్కా? కానీ ముందు ఆయన నన్ను బాగుచేశాడు. ఫోటో వెనక్కొచ్చిన రోజున మా ఆయన భయంభయంగా తలుపు వైపు చూశారు. నేను తలుపు మెల్లగా వేసి, ఇంకో ఫోటో పెట్టాను. ఆ రోజు ఆయన మొహం చూడాల్సింది మీరు!

మంజూరు ఉత్తరం వచ్చింది, దాంతో కమిటీ కాగితం, దాంతో విద్యాశాఖ అనుమతి వచ్చాయి. కోచింగ్ సెంటర్ వాళ్ళకు ఒకటో తారీఖుకు ముందే రాలేనని చెప్పి క్షమాపణ అడిగాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఎల్బీనగర్‌లో బస్సెక్కి బడికి పోతున్నాను, పిల్లలు మాట్లాడే మాటలతోనే పాఠాలు రాసి చదివిస్తున్నాను. మొన్న ఒక పాప చదువుతూ చదువుతూ ఆగి, ఒక మాట మీద వేలు పెట్టి, “టీచర్, గిదేంది?” అంది. అర్థం కాలేదని ఆ పిల్లకు తెలిసింది చూశారా, చదువు అక్కడే మొదలవుతుంది. బీపీ మాత్ర కూడా డాక్టరు గారే ఆపేశారు. స్తోత్రం!

వెంకటయ్య గారి కూతురి కోసం ప్రార్థించండి. ఆమె మళ్ళీ చేరుతుందో లేదో ఇంకా తెలియదు, కానీ పోయిన వారం నాకు ఫోన్ చేసింది, ఎక్కడ దరఖాస్తు పెట్టాలని అడిగింది.

ఈ గుడిలో బీఈడీ, ఎంఈడీ, పీహెచ్‌డీ చదివే పిల్లలు ఉన్నారు, కాగితాల మధ్య నలిగిపోయి దేవుడి మీద అలిగినవాళ్ళూ ఉండే ఉంటారు. ఆయన్ని నమ్మండి. మీకు కనపడని చోట కూడా ఆయన పని చేస్తూనే ఉంటాడు, మీరు తిట్టుకుంటున్న మనిషి చేతనే చేయిస్తూ ఉండొచ్చు. ఆరాధన అయ్యాక నేను వెనక బల్ల దగ్గర ఉంటాను. మీ కాగితాలన్నీ పట్టుకొని రండి. ముందు ప్రార్థన చేద్దాం, తర్వాత కూర్చొని దరఖాస్తు నింపుదాం. ప్రభువు రెండింటి దగ్గరా మనతో కూర్చుంటాడు. ఆమేన్.